క్రెల్‌మన్ కొట్టు తుపాకి

వంటింటి గుమ్మంలో అడుగు పెట్టగానే ఆర్డిత్ ముక్కు మూసుకుంది. ఇల్లంతా వార్నిష్ కంపు. పొయ్యి మీద వదిలి వెళ్లిన చిక్కుడుగింజల సూపు కూడా అదే కంపు కొడుతోంది.

బల్ల మీద జంట గొట్టాల తుపాకి విప్పి పరిచి ఉంది. ఆమె కేకులు చేసుకునే పళ్లెంలో నల్లటి నూనె. ఆమె గిన్నెలు తోముకునే స్టీలు పీచు అందులో మునిగి ఉంది. వాటి మధ్య మెర్ల్, నలభై ఒక్క ఏళ్లుగా ఆమె మొగుడు, ఈల వేసుకుంటూ పిడి చెక్కకు మెరుగు పెడుతున్నాడు.

శనివారం ప్రదర్శనకని ఊళ్లోకి వెళ్లి జుట్టు చేయించుకుని వచ్చేసరికి ఇదీ వరస.

"చూడు. పెళ్లికొడుకులా లేదూ?" అన్నాడు.

"నా బల్ల మీంచి తీసెయ్," అంది ఆర్డిత్. కోటు కూడా విప్పలేదు.

ఆ ఇంట్లో అలాంటివి పదకొండున్నాయి. పోనీ పేరున్న తుపాకులా అంటే, అదీ కాదు. క్రెల్‌మన్ అని ఎప్పుడో మూతపడ్డ కొట్టువి. నెబ్రాస్కా రైతులు దాని కేటలాగులో సబ్బుల పక్కనే తుపాకుల బొమ్మలు చూసి పోస్టులో తెప్పించుకునేవారు. ఏదో ఫ్యాక్టరీ తయారుచేస్తే కొట్టు తన పేరు కొట్టించుకునేది. గొట్టం మీద ఆ పేరుంటేనే ఈ పిచ్చి ఉన్నవాళ్లు పడి చస్తారు. మిగతా లోకానికి అవి పాత ఇనుము. మామూలు మనుషులు పింగాణీ పళ్లేలు పోగేసుకుంటారని ఆర్డిత్ అక్క లవాన్ వచ్చినప్పుడల్లా దెప్పేది.

ఒకరికి పిచ్చి పట్టిన ఇంట్లో రెండోవాళ్లు నోరు మూసుకుని కాపురం చెయ్యాలి. అక్కడా అలాగే సాగింది. ఒకరు ఆదివారాలు నేలమాళిగలో తుపాకులతో గడిపితే, ఇంకొకరు పైన ఒంటరిగా టీవీ చూసుకునేవారు.

శనివారం గ్రాండ్ ఐలండ్‌లో ఆ పిచ్చివాళ్ల సంఘం ప్రదర్శన. పన్నెండేళ్లుగా వీళ్లకిచ్చింది మరుగుదొడ్డి పక్కన మూల బల్ల. ఈసారి ఈ జంట గొట్టాల తుపాకికి హాలు మధ్య బల్ల ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఇలాంటిది ఇంకెక్కడా లేదట. ఆ ఉత్తరం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లాలి, రోజంతా దాని పక్కన కూర్చోవాలి.

ఆర్డిత్ పిడిని వేలితో తాకింది. వేలు అంటుకుంది. ఆ పచ్చటి మెరుపు, బల్లగుడ్డ మీద చెక్క పొట్టు, అతని గోళ్ల సందుల్లో నలుపు, మొహం నిండా ఆ మురిపెం. అన్నీ చూస్తే చీదర పుట్టింది. ఈ మనిషి పక్కన ఇన్నేళ్లు ఎలా పడుకున్నానా అనిపించింది.

"శనివారం నేను రాను," అంది.

మెర్ల్ చెయ్యి ఆగిపోయింది. "అదేంటి? నువ్వు రాకపోతే ఎలా?"

"వాంతికొస్తోంది మెర్ల్. దాన్ని చూసినా, నిన్ను చూసినా. లవాన్ ఇంటికి పోతున్నా."

అతను బిత్తరపోయాడు. పొద్దుట్నించీ నడుం విరిగేలా చేశానని మొత్తుకున్నాడు. పిడి మీద గీతలూ గాట్లూ పోయేదాకా ఉప్పుకాగితం పెట్టాడట. వార్నిష్ రెండు పూతలు వేశాడట. ఆమె గుమ్మం వైపు తిరిగేసరికి గొట్టాలు ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

"ఇది కూడా చూసి వెళ్లు. ఆ కొట్టు పేరొకటి చవకబారుగా కనపడేది కదా, అరగదీసేశాను. అంతమందిలో మనల్ని చూసి ఎవడూ నవ్వకూడదని."

ఆర్డిత్ వెనక్కి వచ్చి గొట్టాలు అందుకుంది. పేరుండే చోట వేలు పెట్టి తడిమింది. నున్నగా ఉంది. అలాగే కుర్చీలో కూలబడింది.

"ఏం, బాలేదా?" అన్నాడు మెర్ల్ భయం భయంగా.

తుపాకులంటేనే గిట్టని ఆ మనిషి, పెళ్లాం ప్రాణంలా పోగేసుకున్నవాటిలో ఒకదాన్ని ముట్టుకోవడం నలభై ఒక్క ఏళ్లలో అదే మొదటిసారి.