కుక్కను జరిపి అడుగు

ఏదో ముళ్లపంది రేచుకుక్కల నాయకుడి మూతి గుచ్చిందట. ఆ సాకుతో రేచుకుక్కలు గడ్డిమైదానాన్ని చుట్టుముట్టాయి. కుందేళ్ల బొరియలు తవ్వి పిల్లల్ని ఎత్తుకుపోయాయి. వాగుకు వెళ్లే దారి మూసేశాయి.

తీతువు పిట్ట ఎగిరిపోయి ఏనుగు పెద్దకు మొరపెట్టుకుంది. ఏనుగు వచ్చి ఒక బొరియ ముందు ఆగింది.

"బాగున్నావా తల్లీ?" అని అడిగింది.

పక్కనే ఒక రేచుకుక్క కోరలు నాకుతూ కూర్చుంది.

"బాగున్నానయ్యా," అంది బొరియలోంచి తల్లి కుందేలు, ఆ కోరల వైపే చూస్తూ.

"విన్నారుగా! అంతా ప్రశాంతం. ఈ తీతువు కూతే అరిష్టం," అన్నాడు వెనకే నిలబడ్డ రేచుకుక్కల నాయకుడు.

ఏనుగు వెనుదిరిగింది. తీతువుకు ఒళ్లు మండిపోయి దారికి అడ్డంగా వాలింది.

"అరిష్టం నా కూతలో లేదు, వాళ్ల కోరల్లో ఉంది! మెడ పక్కన కోరలు పెట్టుకుని ఆ కుందేలు నిజమెలా చెబుతుంది? కొండంత ఒళ్లుందిగా నీకు! ముందు ఆ కుక్కను జరుపు, అప్పుడు అడుగు తాతా!"

ఏనుగు సిగ్గుపడింది. తొండంతో కుక్కను అవతలికి నెట్టి, కుందేలుకు అడ్డుగా నిలబడి మళ్లీ అడిగింది.

కుందేలు తలెత్తి నాయకుడి కళ్లలోకి చూసింది.

"నా పిల్లలేరీ?"

పక్క బొరియలోంచి మరో తల్లి బయటికొచ్చింది. "నా పిల్లలేరీ?"

మైదానమంతా అదే ప్రశ్న.