సబ్బు కాగితం

"ఇంగ్లీషులోనే రాయాలట తల్లీ. అమెరికా దొరల ఆఫీసులో మన జర్మన్ చెల్లదట," అన్నాడు క్రైట్‌మయర్, టోపీ చేతుల్లో నలుపుకుంటూ.

సెల్మాకు ఒళ్ళు మండింది. నాన్న మందుల షాపులో పొట్లాలు కట్టినవాడు ఇతను. నాన్నను పోలీసులకు పట్టించి, ఆ షాపునే మింగి కూర్చున్నాడు. ఊళ్ళోని యూదుల్లో శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది సెల్మా, అక్క ఫ్లోరా మాత్రమే. ఇప్పుడు నాజీ పార్టీవాళ్ళు మళ్ళీ కొలువులో, కొట్లో కూర్చోవాలంటే బాధితుల దగ్గర 'మంచివాడే' అని ఉత్తరం తెచ్చుకోవాలని ఊళ్ళోని అమెరికా ఆఫీసులో రూలు పెట్టారు. ఎంత మురికైనా వదిలిస్తుందని ఊరంతా దాన్ని సబ్బు కాగితం అంటోంది. ఇద్దరిలో ఇంగ్లీషు వచ్చింది ఫ్లోరాకే. ఇంకేముంది, వాకిట్లో రోజూ తిరునాళ్ళే!

"ఎదురైతే రోజూ నమస్కారం పెట్టేవాణ్ణి. గుర్తుందా తల్లీ?"

"అన్నీ గుర్తున్నాయి," అంది ఫ్లోరా. టైపు మిషన్ టకటకలాడించి, సంతకం చేసి ఇచ్చింది. అతనికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా కాగితాన్ని భద్రంగా మడిచి, గుప్పెడు కాఫీ గింజలు బల్లమీద పెట్టి వెళ్ళాడు.

"సిగ్గుందా అక్కా? మొన్న బడిపంతులు, నిన్న పోస్టుమాస్టరు, ఇవాళ వీడా? అడిగినవాడికల్లా రాసిచ్చేయడమేనా?"

"అడిగారు, రాశాను."

"నాన్న షాపు మనకు రావాలా, వద్దా?"

"రావాలి. యుద్ధం గెలిచినవాళ్ళు కదే, చదివి న్యాయం చేస్తారులే. కాఫీ పెట్టనా?"

"వాడి కాఫీ నాకొద్దు!"

మూడు వారాలు తిరిగేసరికి క్రైట్‌మయర్ షాపుకు కొత్త రంగు వేయించాడు. ఆఫీసు ముద్ర కొట్టిన కాగితం అద్దానికి అంటించాడు. బడిపంతులు బడికీ, పోస్టుమాస్టరు పోస్టాఫీసుకీ దర్జాగా వెళ్ళిపోయారు. ఫ్లోరా పదహారు మందికి రాసిచ్చింది. పదహారు మందికీ ముద్ర పడింది.

సెల్మా ఇంటికొచ్చి విరుచుకుపడింది.

"కడుపు నిండిందా? షాపు పోయింది! నీ ఉత్తరాలు పట్టుకుని ఒక్కడూ మిగలకుండా గట్టెక్కారు. నాన్నను చంపించినవాడిలో అంత మంచి ఏం కనిపించింది నీకు?"

ఫ్లోరా తలెత్తి చూసింది.

"పదహారు మందికీనా?" అంది.

"ఆఁ, పదహారు మందికీ! ఏం రాసి చచ్చావో!"

ఫ్లోరా కుర్చీలో కూలబడింది.

"ఎవరెవరు ఏం చేశారో, అదే రాశానే."