పెట్టె మీద పేరు

"ఒసే ఝాన్సీ, నా ఫారం నేవీకి ఎవులు పంపినారు?"

నేవీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని మోహనకృష్ణ భార్య మీదికి విసిరాడు. పదిహేనేళ్లు ఓడల్లో పనిచేసి, కళింగపట్నంలోని ఇంటికి వచ్చేసి ఏడాదిన్నర. మళ్లీ ఉద్యోగంలో చేరడానికి పదో తేదీన విశాఖలో హాజరు కమ్మని అందులో ఉంది.

"నానే," అంది ఝాన్సీ, చేటలో చోళ్లు చెరగడం ఆపకుండా. "నింపింది నువ్వు, సంతకం నువ్వు. దెబ్బలాడినప్పుడల్లా 'మళ్లీ నేవీకి పోతాను' అని బెదిరిస్తావు కదా. బీరువాలో మూలుగుతుంటే పోస్టు సేసినాను."

"నన్ను ఇంట్లోంచి తగిలీద్దావనా?"

"అవును."

అతను వసారాలో ఉన్న ఇనప పెట్టెను కాలితో తన్నాడు. "అందుకేనా, అటక మీంచి పెట్టె కూడా దించీసినావు!"

"నాను దించనేదు. సరిగ్గా సూడు."

అతని బొటనవేలికి తెల్లరంగు అంటుకుంది. పెట్టె మీద ఎప్పుడో చెరిగిపోయిన తన పేరును ఎవరో మళ్లీ దిద్దారు. ఆ వంకర అక్షరాలు పదేళ్ల కూతురు విశాలివి.

అతని గొంతు తగ్గింది. "నానెల్లిపోతే దానికంత సంతోసమా?"

"నువ్వు ఓడలో ఉన్నప్పుడు నీ ఫోనొస్తే పరిగెత్తుకొచ్చీది. ఇప్పుడు నీ బండి సప్పుడైతే సాలు, దేనికి అరుస్తావో అని పక్కింటికి పరిగెడతాది."

ఝాన్సీ చేట కింద పెట్టింది.

"ఫోన్లో నాన్న మంచోడంట."