గురి తప్పాలి

ఆ మిల్లు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ఎడంచేతి పిల్ల ఒకతె ఉండేది. పుట్టి బుద్ధెరిగాక దాని గురి తప్పలేదు. కళ్లకు గంతలు కట్టినా, కోర్టుకు ఆ చివర నిలబెట్టినా, పక్కవాళ్లతో కబుర్లాడుతూ బంతిని వెనక్కి విసిరినా సరే, వెళ్లి రింగులోనే పడేది. అలాంటి పిల్లను పక్కకు పిలిచి కోచమ్మ, "ఇవాళ నువ్వు ఒక్కటి కూడా వేయకూడదు," అంది.

పిల్ల పరాచికమనుకుని నవ్వింది. కోచమ్మ నవ్వలేదు.

హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన ఆ మధ్యాహ్నం ఆట చూడడానికి వస్తున్నాడు. అలాంటివాళ్లు వచ్చినప్పుడల్లా, చేయి తిరిగిన పిల్ల ఒకతె పెట్టె సర్దుకుని పెద్ద మిల్లు జట్టుకు వెళ్లిపోయేది. పొద్దంతా బట్టలు మడతపెట్టే కోచమ్మ, సాయంత్రం మళ్లీ ఎవరో కొత్తవాళ్లకు బంతి పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పుకునేది. ఇన్నాళ్లకు ఒకరి అడుగు ఒకరికి తెలిసిన అయిదుగురు కుదిరారు. వాళ్లను విడదీయనివ్వనని ఆవిడ పంతం.

ఇవాళ అందరూ కావాలనే చెడగొట్టి ఆడాలని జట్టుకు చెబితే, పొడుగు వదిన ఒప్పుకోలేదు. జట్టులో అందరికంటే పెద్దది, రెండు మోకాళ్లకూ పట్టీలు. పాతవాళ్లం కలిసి ఉండి ఏం ఉద్ధరించామని అడిగింది. కలిసే ఆడుతున్నాం, కలిసే ఓడుతున్నాం, ఈ పిల్లనైనా పైకి పోనివ్వమంది. తన చోటులో ఇంకో చిన్నపిల్లను దింపమని కూడా అంది.

"నువ్వు తప్పుకుంటే దీనికి పాస్ ఇచ్చేదెవరు వదినా?" అంది కోచమ్మ. " అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నా మోకాళ్లకు కూడా తెలియాలిగా."

చిన్నవాళ్లు కావాలన్నది కోచమ్మకూ తెలుసు. అయితే వాళ్లు పెద్దవాళ్ల పక్కన నిలబడి ఆరితేరాలట. ఒక్క ఏడాది ఈ అయిదుగురినీ కదపకుండా ఉంచితే కప్పే కాదు, కప్పు మీద మూత ఉంటే అదీ మనదేనని నమ్మబలికింది. చివరికి అందరూ తలలూపారు. పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

పెద్దాయన క్యాంటీన్‌లో భోజనం కానిచ్చుకుని వచ్చి, అవతలి గోడ నీడన కుర్చీ వేయించుకున్నాడు. కాళ్లు బారజాపి, చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా ఆట చూడసాగాడు.

ఎదుటి పక్షానికి అద్దకం పనివాళ్లను నిలబెట్టారు. మనవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. పొడుగు వదిన పాసులన్నీ గోడకే ఇచ్చింది. ఇంకొకతె బంతిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని పరుగెత్తింది. మిగిలిన ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని, తప్పు నీదంటే నీదని పోట్లాడుకున్నారు.

తిప్పలన్నీ ఎడంచేతి పిల్లవే. మొదట్లో దాని గురి తప్పలేదన్నాను చూశారూ, అది కాస్త కోశాను లెండి. అందరిలాగే అప్పుడప్పుడూ తప్పేది. కానీ కావాలని తప్పడం దానికి ఎవరూ నేర్పలేదు. జానెడు పక్కకు వేస్తే చాలు, అది చేతకాక బంతి పట్టుకుని నిలబడిపోయేది. చివరికి బోర్డు మీదుగా అవతలికి విసరడం మొదలుపెట్టింది. రంగు డ్రమ్ముల మధ్య పడ్డ బంతిని తనే వెళ్లి తెచ్చుకునేది. వచ్చేటప్పుడు ముఖం ఎవరికీ చూపించేది కాదు.

ఒకసారి బంతితో సరిగ్గా రింగు కిందికి చేరింది. అడ్డం ఎవరూ లేరు. గీత అవతల ఉన్న కోచమ్మ వైపు తిరిగింది.

"అక్కా, ఒక్కటి వేస్తానక్కా."

"వద్దు."

"ఒక్కటంటే ఒక్కటి. నన్ను చూడడానికి ఇంకెవరొస్తారక్కా?"

"నా తల్లివి కదూ. వద్దు."

పిల్ల బంతిని నేల మీద పెట్టేసింది, కాగిన పాలగిన్నె దింపినంత మెల్లగా.

ఆట అయిపోయింది. పెద్దాయన లేచి కోర్టులోకి వచ్చాడు. కోచమ్మ చేతులు నలుపుకుంటూ, మా పిల్లలు ఇంకా పచ్చివాళ్లండీ, మీ పెద్ద జట్టుకు ఎక్కడ పనికొస్తారు అంది. లోపల సంతోషం పట్టలేకుండా ఉంది.

ఆయన నిజమేనన్నాడు. అయితే ఈసారి తను ఎవరినీ తీసుకుపోవడానికి రాలేదట. ఈ జట్టును ఉంచాలా, ఎత్తేయాలా తేల్చుకుని రమ్మన్నారట. ముందు ముందు పైకొస్తుందనిపించే పిల్ల ఒక్కతె ఉన్నా, జట్టు మొత్తాన్నీ అలాగే ఉంచమన్నారట.

"నాకైతే ఒక్కరూ కనిపించలేదమ్మా. వచ్చే నెల నుంచి ఇక్కడ నూలు బేళ్లు పెట్టుకుంటారు."

కోచమ్మ పరుగున వెళ్లి, బంతి తెచ్చి పిల్ల చేతుల్లో పెట్టింది. పెద్దాయన అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు. పిల్ల నిలబడ్డచోటు నుంచే వేసింది. పడింది. మళ్లీ వేసింది. పడింది. కారు గేటు దాటింది. పిల్ల ఇంకా వేస్తూనే ఉంది, బంతి ఇంకా పడుతూనే ఉంది. పొడుగు వదిన గోడకు చేరగిలబడి మోకాలి పట్టీలు విప్పుకుంది.

కోర్టు పోయి గోదాము అయింది. అయిదుగురూ తలో చోటికీ చెదిరిపోయారు. దాన్ని ఆ ఒక్కటీ వేయనిచ్చి ఉంటే అని కోచమ్మ ఇప్పటికీ బట్ట మడతపెడుతూ మధ్యలో ఆగిపోతుందట.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే ఉంది, పెద్దాయన రెప్ప వేయకుండా చూశాడన్నది: టీ పట్టుకెళ్లి, పిలిచి పిలిచి తిరిగొచ్చిన క్యాంటీన్ ఆయమ్మ నాతో చెప్పిందేమిటంటే, నల్లద్దాల వెనక ఆయన ఆట మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా హాయిగా నిద్రపోయాడు.