ఒక మెట్టు కిందకి

కొత్తవాడు లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, గోడకున్న డిస్కు ప్లేయరు వైరు పీకి, ఆ చోట తన వైరు గుచ్చాడు.

డిస్కుల మాస్టారికి తన ముక్కుకున్న ఊపిరిగొట్టమే పీకినట్టయింది.

అది కరోకే హాలు. సాయంత్రమైతే పనులు ముగించుకున్నవాళ్ళు పాడుకోవడానికి వస్తారు. మాస్టారు డిస్కు వేస్తే వాద్యాలు మోగుతాయి, తెర మీద అక్షరాలు కదులుతాయి. గొంతు మాత్రం వచ్చినవాళ్ళది.

హాలు పెట్టింది మాస్టారి బావగారు. ఆయన పోయాక మేనల్లుడు యజమాని అయ్యాడు. కుర్చీ మాత్రం మాస్టారిదే. మైకు పట్టుకొని పేరుపేరునా పిలిచేదీ, బిడియపడేవాళ్ళను బుజ్జగించేదీ, ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళకు శ్రుతి మీట తిప్పేదీ ఆయనే.

"డిస్కుల నిండా గీతలే మావయ్యా. పాట మధ్యలో నత్తి కొడుతున్నాయి. అన్నీ ఇందులోకి ఎక్కించేద్దాం. ఇతను నీకు సాయం," అన్నాడు మేనల్లుడు.

సాయమట. కుర్చీకి ఎసరు పెట్టి, దానికి సాయమని పేరు పెట్టాడు.

కొత్తవాడు నెమ్మదస్తుడు. డిస్కులను పసిపిల్లల మొహాల్లా తుడిచి, ఒక్కొక్కటే లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. మాస్టారిని నోరారా అన్నగారూ అన్నాడు.

ఆ మర్యాద పుండు మీద కారంలా పనిచేసింది.

చూస్తుండగానే పాడేవాళ్ళంతా అతని చుట్టూ బెల్లం చుట్టూ ఈగల్లా మూగారు. బట్టలు కుట్టే ఆవిడ ఎప్పటిదో పాత పాట అడిగింది. అడిగిన నోరు మూసేలోపు అతను దాన్ని తెర మీద నిలబెట్టాడు. వెతుకులాట లేకుండా ఎంత హాయిగా ఉందోనని ఆవిడ మురిసిపోయింది. అదే పాట కోసం అరల ముందు మోకాళ్ళ మీద కూర్చుని మాస్టారు వెతికిపెట్టిన సాయంత్రాలు ఆవిడకు గుర్తే రాలేదు.

ఇంటికి వెళ్ళి మాస్టారు కంచం ముందు నుంచి సగంలో లేచారు. ఏమైందని భార్య అడిగితే కూరలో ఉప్పెక్కువన్నారు. ఉప్పు సరిగ్గానే ఉంది. మంట కడుపులో ఉంది.

ఒకరోజు కొత్తవాడు కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అన్నగారూ, ఎవరికెంత శ్రుతో మీరు చెబితే ముందే పెట్టేస్తాను. ఇక మీట తిప్పే పనుండదు."

మాస్టారి చేతిలో మిగిలిన ఆస్తి అదొక్కటే. అదీ కావాలంటున్నాడు, గోతికాడ నక్క.

మాస్టారు పెదవుల మీద నవ్వు పులుముకొని చెప్పడం మొదలుపెట్టారు. కిందకి ఉండాల్సినవాళ్ళకు పైకి అన్నారు, పైకి ఉండాల్సినవాళ్ళకు కిందకి అన్నారు. కొత్తవాడు తలూపుతూ విన్నాడు. బట్టలు కుట్టే ఆవిడ దగ్గర మాత్రం ఆగాడు.

"పైకా అన్నగారూ?"

"పైకే. నాకంటే నీకెక్కువ తెలుసా?"

"లేదండీ," అన్నాడు. ఒక్క క్షణం మాస్టారి కళ్ళలోకి చూసి, తన పనిలో పడ్డాడు.

లాప్‌టాప్‌తో తొలి సాయంత్రం వచ్చింది. ఆ మధ్యాహ్నమే అందరినీ పిలిచి ఒకసారి పాడించి చూసుకున్నారు. మాస్టారు తలనొప్పన్న వంకతో దానికి వెళ్ళలేదు. సాయంత్రం మాత్రం అందరికంటే ముందే వెళ్ళి, వెనక వరుసలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నారు. కొత్తవాడు ఆయన కుర్చీలో ఉన్నాడు.

బట్టలు కుట్టే ఆవిడ పల్లవి ఎలాగో గట్టెక్కించింది. చరణం ఎత్తుకోగానే ఆవిడ గొంతు మట్టి పిడతలా పగిలింది. తరువాత వచ్చిన బస్సు డ్రైవరు దగ్గి దగ్గి మైకు కింద పెట్టేశాడు. ముందు నవ్వులు లేచాయి, ఆ వెనకే గొణుగుళ్ళు మొదలయ్యాయి.

మాస్టారి కడుపు చల్లబడింది.

కొత్తవాడు లేచి మైకు అందుకున్నాడు.

"తప్పు నాది. నాకు ఈ పెట్టె తెలుసు, మీ గొంతులు తెలియవు. అవి తెలిసిన మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు. అన్నగారూ, రండి."

హాలంతా వెనక్కి తిరిగింది. మాస్టారు కండువా లేని భుజం సవరించుకుంటూ, దర్జాగా నడిచి వెళ్ళి కూర్చున్నారు. కొత్తవాడు వంగి, ఇది నొక్కితే కిందకి, ఇది నొక్కితే పైకి అని చెవిలో చెప్పి పక్కకు తప్పుకున్నాడు. మాస్టారు అసలు శ్రుతికి ఒక మెట్టు కిందకి దించారు. బట్టలు కుట్టే ఆవిడ మళ్ళీ పాట ఎత్తుకుంది, గొంతు పూవులా విచ్చుకుంది. చప్పట్లు ఆగలేదు. డిస్కులున్న రోజుల్లో కూడా అన్ని చప్పట్లు ఆయన వినలేదు.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి లాప్‌టాప్ బల్ల మీదే ఉంది. కొత్తవాడు లేడు.

"వెళ్ళిపోయాడా? పోనీలేరా అల్లుడూ. చెవి లేనివాడికి ఈ పని అబ్బదు," అన్నారు మాస్టారు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

మేనల్లుడు బల్ల దగ్గరకు వచ్చాడు.

"నిన్న మధ్యాహ్నం నువ్వు రాలేదు కదా మావయ్యా. ఒక్కొక్కరి చేత ఒక్కో ముక్క పాడించి, అందరి శ్రుతీ వినే పట్టేశాడు. ఒక్క గొంతూ తప్పలేదు. బట్టలు కుట్టే ఆవిడకు ఒక మెట్టు కిందకే పెట్టాడు."

మాస్టారి వీపు నిటారైంది.

"మరి సాయంత్రం అలా..."

"నేనూ అదే అడిగాను. కావాలనే సాయంత్రానికి మీ మావయ్యగారు చెప్పినట్టు మార్చానన్నాడు."

మాస్టారు లాప్‌టాప్ వైపు చూశారు. ఎక్కడ చేయి పెట్టాలో ఆయనకు తోచలేదు.

"నీ మొహం మీద చెప్పలేక సాయమన్నాను గానీ, వచ్చిన రోజు నుంచీ ఆ కుర్చీ అతనిదే మావయ్యా, నిన్న అందరి ముందూ నీకిచ్చేసి వెళ్ళాడు."