వెనక నుంచి పిలిచారు

డాక్టర్ విశ్వనాథం గారూ, ఆ మనిషిని గేటు బయటికి నెట్టించింది మీరే. తప్పు కాపలావాడి మీదికి తోయకండి. కరోనా మీదికి అసలే తోయకండి.

2021 డిసెంబరు. సూరత్ స్టేషన్ బయట విశ్వనాథం షేర్ ఆటో ఎక్కాడు. హైదరాబాద్‌లో పేరున్న చెవి డాక్టరు. మూతికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు.

యూనివర్సిటీ సదస్సులో పదకొండు గంటలకు ఆయన పత్రం. పవర్‌లూమ్ మగ్గాల మోతకు చెవుడొచ్చిన కార్మికులకు పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజే తేలాలి. అది తేల్చే కమిటీవాళ్లు వీడియోలో, తెర మీద కనిపిస్తూ వింటారు, అడుగుతారు.

పత్రం మీద రెండు పేర్లు. విశ్వనాథం, మార్కండేయ.

మార్కండేయను ఆయన ఎన్నడూ చూడలేదు. లాక్‌డౌన్‌లో సూరత్‌లో తిరిగి ఆరు వందల నలభై మంది కార్మికుల వివరాలు పంపినవాడు. అన్నీ ఫోన్‌లో జాబితాలే. కాల్ చేస్తే ఎత్తడు. "రాసి పంపండి సార్" అని మెసేజ్ పెడతాడు. ఎవరో తీరిక లేని పరిశోధకుడు అనుకున్నాడు విశ్వనాథం.

ఆటోలో పక్కన ఒక ముసలాయన. జుట్టు నిండా నూలు పీచు. విశ్వనాథం చేతిలోని తెలుగు పేపరు చూసి ముఖం వెలిగింది.

"తెలుగోళ్లా సార్?" అని అరిచాడు.

"అవును. మెల్లగా మాట్లాడు."

"ఆఁ? మాస్కు జర కిందికి గుంజు సార్. నోరు కనవడ్తలేదు."

"బుద్ధుందా నీకు? జనం చస్తుంటే మాస్కు తియ్యమంటావా?"

ముసలాయన ఆ తొడుగు వంకే కళ్లు చికిలించి చూశాడు. "యూనివర్సిటీకేనా సార్?"

విశ్వనాథం తల అటు తిప్పుకున్నాడు.

సారును చంపేస్తావా ఏంటని డ్రైవరు నవ్వాడు. "అరే కాకా, సాబ్ కో మార్ డాలోగే క్యా?"

ఇద్దరూ యూనివర్సిటీ గేటు దగ్గరే దిగారు.

విశ్వనాథం టీకా సర్టిఫికెట్ తీసేలోపు ముసలాయన కాపలావాడి ముందు నిలబడ్డాడు.

"బ్యాడ్జ్ క్యాఁ ఛే?" బ్యాడ్జ్ ఏదని గుజరాతీలో అడిగాడు కాపలావాడు మాస్కులోంచి.

"మూ దిఖావ్ భాయ్! మూ!"

మూతి చూపించమంటే కాపలావాడికి మండింది. ముసలాయన చేతిసంచీ తడుముకుంటూ, లోపల కనబడుతున్న బ్యాడ్జీల టేబుల్ వైపు నడిచాడు.

"ఓ పెద్దాయనా! ఆగు!" విశ్వనాథం వెనక నుంచి కేకేశాడు.

ఆయన తిరగలేదు.

"నిన్నే! ఆగమంటుంటే!"

తిరగలేదు.

"ఎంత పొగరు చూడు. ఆటోలో నా మాస్కే లాగెయ్యమన్నాడు. వీణ్ణి లోపలికి పంపకు" అని కాపలావాడికి హిందీలో గట్టిగా చెప్పాడు విశ్వనాథం.

కాపలావాడు సంచీ పట్టుకుని వెనక్కి గుంజాడు. ముసలాయన తూలాడు. విశ్వనాథం చేతులకు శానిటైజర్ రాసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

టేబుల్ దగ్గర సంధ్యారాణి ఎదురొచ్చింది. సదస్సు నడిపేది ఆమే. సూరత్‌లోనే, అడాజన్‌లో ఉంటుంది.

"మార్కండేయ గారు ఇంకా రాలేదండీ. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆయన బ్యాడ్జ్ ఇదిగో. పేరు ముందు 'డాక్టర్' అని నేనే పెట్టించాను."

"వస్తాడులెండి. పది గంటలకు హాలు దగ్గర కలుద్దామని రాత్రే రాశాను."

"ఫోన్ మాత్రం ఆపెయ్యండి సార్. రికార్డింగ్ ఉంది."

ఆపేశాడు.

పదకొండింటికి పత్రం చదివాడు.

"కార్మికులు మగ్గాల మోతలో పెదాలు చూసి మాట పట్టుకుంటారు. అందుకే చెవుడొచ్చిన సంగతి పక్కవాడికి కూడా తెలియదు. మా మొదటి పరీక్ష చాలా సులువు. మగ్గం ఆగాక వెనక నుంచి పిలవాలి. తిరగకపోతే రాసుకోవాలి."

హాలంతా చప్పట్లు.

తెర మీది అధికారి చప్పట్లు కొట్టలేదు.

"పరీక్ష చేసినప్పుడు పక్క మగ్గాలు నడుస్తున్నాయా, ఆగి ఉన్నాయా?"

విశ్వనాథానికి తెలియదు.

"అది మార్కండేయ గారు చెప్పాలి."

"ఆయనేరీ?"

"దారిలో ఉన్నారు."

"పన్నెండు దాకా చూస్తాం."

పన్నెండయింది.

"పరీక్ష చేసిన మనిషే రాకపోతే ఈ అంకెలు ఎలా నమ్మాలి డాక్టర్ గారూ? వచ్చే ఏడాది చూద్దాం."

తెర నల్లబడింది.

విశ్వనాథానికి ఒళ్లు మండిపోయింది. ఆ మార్కండేయను నాలుగు మాటలు కడిగేద్దామని ఫోన్ తెరిచాడు.

పది గంటల ఐదు నిమిషాలకు వచ్చిన మెసేజ్.

"సార్, గేటు కాడున్న. ఎవరో పెద్దసారు నన్ను రానియ్యొద్దని చెప్పిండట, కాపలాయన సైగ జేసిండు. మీరు జర వచ్చి చెప్తే పంపుతరు."

పదకొండూ నలభైకి ఇంకొకటి.

"పోతున్న సార్. డ్యూటీకి టైమైంది. మనోళ్ల సంగతి మీరే గట్టిగ చెప్పుర్రి."

విశ్వనాథం కుర్చీలో కూర్చున్నాడు. మార్కండేయ పంపిన జాబితా తెరిచాడు. ఇన్నాళ్లూ ఆయన అంకెలు కూడాడు తప్ప పేర్లు చదవలేదు.

ఒకటో నంబరు: మార్కండేయ. మగ్గం పని, ముప్పై ఏళ్లు. రెండు చెవులూ పోయినవి.

సంధ్యారాణి పక్కకొచ్చింది. "ఏమైందండీ? ఆయన వస్తున్నారా?"

విశ్వనాథం ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

ఇప్పుడు తల పట్టుకుని కూర్చుంటే కుదరదు డాక్టరు గారూ. వచ్చే ఏడాది అన్న మాట చెరిపించండి. ఈ సోమవారమే ఆ కమిటీని మగ్గం కార్మికులుండే లింబాయత్ సందుల్లోకి నడిపించి, మీరు గెంటించిన ఆ పరిశోధకుణ్ణి, ఆ మగ్గం కార్మికుణ్ణి, ముందు కూర్చోబెట్టి ఆయన చెప్పేది వినండి.