కొత్తిమీర కుండ

దర్జీ ఆ మధ్యాహ్నం క్యారేజీ మరిచిపోయి ఇంటికొచ్చాడు. భార్య ఇంట్లో లేదు. వెనక వసారాలో కొత్తిమీర కుండకు చుట్టిన గోనెపట్టా ఎండకు పెళపెళలాడుతోంది.

పెద్ద కుండలో చిన్న కుండ, రెండింటి మధ్యా ఇసుక. ఇసుకా గోనే తడిగా ఉన్నంతసేపూ లోపల చల్లగా ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని ఇదేం చాదస్తమని అతను ఎన్నోసార్లు ఆటపట్టించాడు. ఫ్రిజ్‌లో పెడితే కొత్తిమీర వాసన చచ్చిపోతుందని ఆవిడ వాదన. సరే, ఎవరి పిచ్చి వారికానందం.

ఎండిన గోనె చూస్తే అతని చెయ్యి ఊరుకోదు. చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాడు. పోసినవాడు పోసినట్టు వెళ్ళక, కొత్తిమీర వాడిందేమోనని మూత తీశాడు. కట్ట కింద ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో రబ్బరు మూతున్న చిన్న సీసా, పక్కన సూదులు.

దర్జీకి ఇంగ్లీషు రాదు. అయినా చదవక్కర్లేకపోయింది. షుగరు జబ్బుకు పొడుచుకునే మందు.

ఇరవై రెండేళ్ళ కాపురం. మా ఇద్దరి మధ్యా దాపరికాలు లేవని, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ కొలతలు తీసుకుంటూ చెబుతాడు.

బిందెతో వచ్చిన భార్య, అతని చేతిలో సీసా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "నాలుగేళ్ళు."

తెలిస్తే బెంగపెట్టుకుంటాడని చెప్పలేదట. ఫ్రిజ్ రోజుకు పదిసార్లు తెరిచే మనిషి, కంటపడుతుందని కుండలో పెట్టిందట. తడి ఆరకుండా చూసుకుంటే చాలని కాంపౌండరు చెప్పాడట. అంటే కాంపౌండరుకు తెలుసు. పక్కింటి పిన్నికి తెలుసు. తెలియంది మొగుడొక్కడికే.

టీ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తీపి పడదంటూ ఆవిడ చక్కెర లేకుండా తాగేది. అతని గ్లాసులో మాత్రం నిండుగా రెండు చెంచాలు వేసేది. అతను నవ్వుతూ పుచ్చుకుని, దారిలో తాగుతానంటూ బయల్దేరేవాడు. నాలుగేళ్ళు తనను ఎంత వెర్రివాణ్ణి చేసింది! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది.

"జబ్బు రావడం తప్పు కాదు," అన్నాడు. "కట్టుకున్నవాడి దగ్గర దాచావు చూడు, అదీ తప్పు. రేపు నీకేమన్నా అయితే నేనెవర్నడగాలి? పక్కింటావిడనా? నన్ను పరాయివాణ్ణి చేసేశావు."

ఆవిడ ఏడ్చింది. తప్పయిపోయిందంది. మీరు ఏనాడైనా నా దగ్గర ఏదైనా దాచారా, నేనే పాపిష్టిదాన్నంది.

అతను క్యారేజీ పట్టుకుని విసవిసా కొట్టుకు నడిచాడు. షట్టరు సగం దించాడు. మిషను ముందు కూర్చుని చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత కడుపు మండినా ఆకలి ఆకలే.

క్యారేజీ విప్పబోయే ముందు, రోజూ చేసినట్టే, గుడ్డపీలికల బుట్ట వెనకున్న ఇసుక కుండ మీది తడిగుడ్డ తొలగించి, లోపల్నుంచి తన మందు సీసా అందుకుని, చొక్కా ఎత్తి పొట్టలో సూది పొడుచుకున్నాడు.